బాయ్స్ హైస్కూల్లో కొత్త ఏడాది మొదలుపెట్టడం ఎలా: బెంగళూరులోని తెలుగు అమ్మానాన్నలకి

ఎనిమిది, తొమ్మిది, పది చదివే మగపిల్లలున్న ఇళ్ళ కోసం రాస్తున్నా. నేను బెంగళూరులో ఒక బాయ్స్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, మాది హిందూపురం వైపు. ఈ మేడంతో తెలుగులో మాట్లాడొచ్చు అని ఒకరికి తెలిస్తే చాలు, ఆ సంవత్సరం మే నెలంతా ఫోన్లే ఫోన్లు. ఏ బ్యాగ్ కొనాలి, ఏ గైడ్ కొనాలి, ట్యూషన్ ఎక్కడ పెట్టాలి, అందరూ అడిగేది ఈ మూడే. పిల్లోడి ఏడాది ఎట్లా పోతుందో తేల్చేవి మాత్రం ఇవి కాదండీ. రిజిస్టర్‌లో వాడి పేరు ఎట్లా రాశారు, బోర్డు మీద రాసింది వాడికి కనపడుతుందా, ఏడో తరగతి లెక్కలు నిజంగా వచ్చా, పొద్దున ఎన్నింటికి లేస్తాడు, ఏదన్నా జరిగితే ఎవరితో చెప్పుకుంటాడు, ఇవి తేలుస్తాయి. అందుకే షాపింగ్ సంగతి మధ్యలో ఎక్కడో వస్తుంది, ముందు వేరేవి చూద్దాం.

స్టెప్ 1: ఊరి నుంచి ఎప్పుడు తిరిగి రావాలో ఇప్పుడే తేల్చుకోండి

ప్రతి ఏడాదీ ఇదే గొడవ. ఆంధ్రాలో, తెలంగాణలో బడులు జూన్ 12 అటూ ఇటూ తెరుస్తారు, కర్ణాటకలో స్టేట్ సిలబస్ బడులు మే చివర్లోనే తెరిచేస్తారు, 2024లోనూ 2025లోనూ మే 29. ఐసీఎస్ఈ స్కూళ్ళు చాలావరకు జూన్ మొదటి వారం. సీబీఎస్ఈ వాళ్ళలో కొందరు ఏప్రిల్‌లోనే కొత్త క్లాసు మొదలుపెట్టి మధ్యలో సెలవులిస్తారు. అమ్మమ్మ ఊళ్ళో మామిడికాయల సీజన్ నడుస్తుంటుంది, పెద్దమ్మ పిల్లలకి ఇంకా రెండు వారాల సెలవు ఉంటుంది, మనోడు ఒక్కడే బస్సెక్కాలంటే ఏడుపు మొహం పెడతాడు, సరేలే నాలుగు రోజులు మానితే ఏం పోతుందిలే అని తాతయ్య అంటారు. పోతుందండీ. మొదటి నాలుగు రోజుల్లోనే బెంచీలు, హౌస్‌లు (స్కూల్లో పోటీలకి పిల్లల్ని విడగొట్టే జట్లు), ల్యాబ్ బ్యాచ్‌లు, ఏ నోట్‌బుక్ ఏ సబ్జెక్టుకి అన్నదీ అన్నీ అయిపోతాయి. మగపిల్లల క్లాసులో దోస్తీలు కూడా ఆ నాలుగు రోజుల్లోనే కుదిరిపోతాయి, ఆలస్యంగా వచ్చినోడు నెలదాకా పక్కన నిలబడి చూస్తుంటాడు. స్కూలు తెరవడానికి కనీసం వారం ముందు బెంగళూరులో ఉండేలా టికెట్లు చేసుకోండి. ఆ వారంలో చేసే పనులు కింద బోలెడున్నాయి.

స్టెప్ 2: కాగితాలు, ముఖ్యంగా పేరు

మన దగ్గర ఆరు నుంచి పది దాకా హైస్కూలు కదా, కర్ణాటకలో హైస్కూలంటే ఎనిమిది, తొమ్మిది, పది. అందుకే ఏడు అవగానే స్కూలు మారేవాళ్ళు ఇక్కడ ఎక్కువ, ఆంధ్రా నుంచి బదిలీ మీద వచ్చేవాళ్ళు కూడా ఎనిమిదిలోనే ఎక్కువ చేరతారు. చేరేటప్పుడు టీసీ, మార్కుల కార్డు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్ మామూలే. రాష్ట్రం మారుతున్నారంటే టీసీ మీద అక్కడి విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం చాలా స్కూళ్ళు అడుగుతాయి, ఊరు వదిలే ముందే వేయించుకోండి, తర్వాత ఆ సంతకం కోసం ఒక రోజు లీవు పెట్టుకుని వెనక్కి పోవాలి. పాత స్కూల్లో ఇచ్చిన 11 అంకెల పెన్ నంబర్ కూడా రాసి తెచ్చుకోండి, అది పిల్లోడి శాశ్వత విద్యార్థి నంబర్, ఏ రాష్ట్రం పోయినా అదే. ఇక్కడ చేరాక కర్ణాటకది శాట్స్ నంబర్ అని ఇంకోటి ఇస్తారు, దాన్ని ఫోన్లో సేవ్ చేసి పెట్టుకోండి, బస్ పాస్‌కీ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, పేరు. మనవాళ్ళ ఇంటిపేరు ముందొస్తుంది, ఇక్కడి వాళ్ళు ఇనిషియల్ చివర రాస్తారు, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, టీసీలో ఒక్క అక్షరం ఉంటుంది, బర్త్ సర్టిఫికెట్‌లో అసలు ఇంటిపేరే ఉండదు, మధ్యలో సాయి అని ఒకచోట ఉంటుంది ఇంకోచోట ఉండదు. పిల్లోడు చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఐసీఎస్ఈ, సీబీఎస్ఈ స్కూళ్ళలో తొమ్మిదిలోనే బోర్డుకి రిజిస్ట్రేషన్ చేస్తారు, స్టేట్ సిలబస్ అయితే పదిలో ఎస్ఎస్ఎల్‌సీ (ఇక్కడి పదో తరగతి బోర్డు పరీక్ష) రిజిస్ట్రేషన్. స్కూలు రిజిస్టర్‌లో ఏముంటే అదే పోతుంది, అదే మార్క్స్ కార్డు మీద అచ్చవుతుంది, తర్వాత కాలేజీ, పాస్‌పోర్ట్, వీసా అన్నిటికీ అదే మూలం. అచ్చయ్యాక మార్చాలంటే అఫిడవిట్లు, ఫీజులు, నెలల తరబడి తిరగడం. కాబట్టి ఎనిమిది మొదట్లోనే ఆఫీసుకి వెళ్ళి, అడ్మిషన్ రిజిస్టర్‌లో మా వాడి పేరు, మా ఇద్దరి పేర్లు, పుట్టిన తేదీ ఎట్లా ఉన్నాయో ఒకసారి చూపించండి అని అడగండి, మొహమాటపడొద్దు, అడిగేవాళ్ళంటే క్లర్కులకి కోపం కాదు, మార్చిలో పరిగెత్తుకొచ్చేవాళ్ళంటేనే కోపం. ఆధార్‌కీ రిజిస్టర్‌కీ ఒక్క అక్షరం తేడా ఉన్నా ఏది సరైందో ఇంట్లో తేల్చుకుని రెండూ ఒకటి చేసేయండి. పాస్‌పోర్ట్ ముందే ఉంటే దాంట్లో ఉన్నట్టే పెట్టుకోవడం మేలు.

స్టెప్ 3: ఏ భాష, ఏ సబ్జెక్టు

కర్ణాటకలో 2015లో కన్నడ నేర్చుకునే చట్టం తెచ్చారు, 2017-18 నుంచి ఒకటో క్లాసుతో మొదలుపెట్టి ఏడాదికో క్లాసు చొప్పున కన్నడ తప్పనిసరి చేస్తూ వచ్చారు. మీ వాడి క్లాసుకి ఏ భాష ఎన్నో స్థానంలో ఉందో చేరే రోజే రాతపూర్వకంగా కనుక్కోండి. ఎస్ఎస్ఎల్‌సీలో ఫస్ట్ లాంగ్వేజ్‌కి 125 మార్కులు, మిగతా ఐదూ వంద చొప్పున, మొత్తం 625, అంటే ఫస్ట్ లాంగ్వేజ్ ఏదన్నది చిన్న నిర్ణయం కాదు. ఆ లిస్టులో తెలుగు కూడా ఉంది గానీ మీ స్కూల్లో చెప్పే టీచర్ ఉండాలి కదా, బెంగళూరులో చాలా స్కూళ్ళలో లేరు.

కన్నడ అనగానే భయపడకండి. తెలుగు చదవడం వచ్చిన పిల్లోడికి కన్నడ లిపి పెద్ద కష్టం కాదు, రెండూ ఒకే పాత లిపి నుంచి వచ్చినవి, సగానికి పైగా అక్షరాలు చూడగానే పోల్చుకోవచ్చు. తలకట్టు ఆకారం వేరు, కొన్ని దీర్ఘాలకి అక్షరం పక్కన విడిగా ఒక తోక తగిలిస్తారు, ఈ రెండూ అలవాటైతే చాలావరకు అయిపోయినట్టే. మే నెలలో బస్సు బోర్డులు, షాపు బోర్డులు చదివించండి, కింద ఇంగ్లీషులో ఎట్లాగూ ఉంటుంది కాబట్టి వాడే సరిచూసుకుంటాడు. మన ప అక్కడ చాలాచోట్ల హ అవుతుందని ఒక్కసారి చెప్పండి, పాలు హాలు, పులి హులి, పంది హంది, ఇక వాడే వెతుక్కుంటాడు. చిక్కంతా తెలుగు చదవడం కూడా రాని తెలుగు పిల్లలతోనే, వాళ్ళకి మాత్రం అక్షరాల నుంచి మొదలుపెట్టించాలి, వేసవిలో రోజుకి అరగంట.

ఐసీఎస్ఈలో తొమ్మిదిలో మూడో గ్రూపు సబ్జెక్టు ఒకటి ఎంచుకోవాలి, కంప్యూటర్ అప్లికేషన్స్, ఎకనమిక్ అప్లికేషన్స్, ఫిజికల్ ఎడ్యుకేషన్, ఆర్ట్ ఇట్లాంటివి. దీంట్లో సగం మార్కులు స్కూల్లోనే, మిగతా సబ్జెక్టుల్లో అయితే 20 స్కూల్లో, 80 బోర్డు పరీక్షకి. పక్కింటి అబ్బాయి కంప్యూటర్స్ తీసుకున్నాడని తీసుకోవద్దు. బొమ్మలు వేసే చెయ్యి ఉన్నోణ్ణి జావా ముందు కూర్చోబెడితే రెండేళ్ళు ఏడుస్తాడు.

స్టెప్ 4: షాపుకి పోయే ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి

ఇది నేను ఎంత చెప్పినా తక్కువే. బోర్డు కనపడకపోతే మగపిల్లోడు ఎవరికీ చెప్పడు. పక్కోడి నోట్స్‌లో చూసి రాసుకుంటాడు, 3ని 8 చేస్తాడు, మైనస్ గుర్తు వదిలేస్తాడు, మార్కులు తగ్గుతాయి, ఇంట్లో ఏమో వీడికి శ్రద్ధ లేదని తిడతారు. కళ్ళద్దాలొస్తే ఏడిపిస్తారేమోనని భయం ఒకటి. పైగా ఈ వయసులో ఎత్తు పెరిగినోళ్ళని వెనక బెంచీకి పంపుతాం, నిరుడు రెండో బెంచీలో బాగానే కనపడినోడికి ఈ ఏడు ఐదో బెంచీ నుంచి ఏమీ కనపడదు. కాబట్టి మే నెలలో ఒకసారి కళ్ళ పరీక్ష చేయించేయండి, ఉన్న అద్దాల పవర్ కూడా మారి ఉంటుంది. అద్దాలుంటే వాటి సంగతి క్లాస్ టీచర్‌కి మొదటి రోజే చెప్పండి, ముందు బెంచీ ఇస్తాం.

అదే చుట్టులో పళ్ళు చూపించేయండి, టీడీ టీకా (ధనుర్వాతం, డిఫ్తీరియాకి వేసేది) పదేళ్ళకీ పదహారేళ్ళకీ ఉంటుంది, మిస్ అయ్యిందేమో చూసుకోండి. ఆస్తమా, ఫిట్స్, ఏదన్నా అలర్జీ ఉంటే ఒక కాగితం మీద మందు పేరుతో సహా రాసి క్లాస్ టీచర్‌కీ పీటీ సార్‌కీ ఇద్దరికీ ఇవ్వండి. పీటీ సార్‌ని మర్చిపోతారు అందరూ, పరిగెత్తించేది ఆయనే కదా.

స్టెప్ 5: యూనిఫాం, షూ, జుట్టు

పదమూడు పద్నాలుగేళ్ళ మగపిల్లలు ఒక్క ఏడాదిలో 8 నుంచి 10 సెంటీమీటర్లు పెరగడం మామూలు. జూన్‌లో నాలుగు జతలు కుట్టించారనుకోండి, జనవరికి ప్యాంటు మడమ పైకి ఎక్కి కూర్చుంటుంది. జూన్‌లో రెండు జతలే తీసుకోండి, దసరా సెలవుల్లో కొలత చూసుకుని ఇంకో జత, అప్పుడు షాపుల్లో రద్దీ కూడా ఉండదు. ప్యాంటు కింద మడత రెండు అంగుళాలు లోపలికి ఉండేలా చెప్పండి, నడుము దగ్గర కూడా కాస్త గుడ్డ వదలమనండి. షూ సాయంత్రం పూట కొనండి, పొద్దుటికన్నా పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, సాక్స్ వేసుకుని నిలబడితే ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, అంతకన్నా పెద్దది వద్దు, పరిగెత్తేటప్పుడు పడతాడు. నల్ల షూతో పాటు పీటీ రోజుకి తెల్ల క్యాన్వాస్ షూ అడుగుతారు చాలా స్కూళ్ళలో, హౌస్ టీషర్టు మాత్రం హౌస్ చెప్పాకే కొనండి. సాక్స్ మాత్రం లెక్కపెట్టకుండా కొనొచ్చు. జూన్‌లో బెంగళూరు వానకి ఏదీ ఆరదు, తడి సాక్స్ వేసుకుని నలభై మంది కూర్చున్న క్లాసులో లంచ్ తర్వాతి పీరియడ్ చెప్పేది నేను, ఆ బాధ మీకు తెలియదు.

వానకి గొడుగు కన్నా రెయిన్‌కోటు. గొడుగు ఇచ్చారో, అది మొదటి వారంలో బ్యాట్ అవుతుంది, రెండో వారంలో ఎక్కడుందో తెలియదు. స్వెట్టర్, టిఫిన్ బాక్సు, బెల్టు, కంపాస్ బాక్సు, అన్నిటి లోపలి వైపు పేరు, క్లాసు చెరగని మార్కర్‌తో రాయండి. లాస్ట్ అండ్ ఫౌండ్ అల్మరాలో సంవత్సరం చివర ఒకే కంపెనీ, ఒకే రంగు స్వెట్టర్లు గుట్టగా మిగులుతాయి, ఎవరిదో ఎవరికీ తెలియదు, అన్నీ కొత్తవే.

జుట్టు సంగతి బాయ్స్ స్కూళ్ళలో సీరియస్. మొదటి అసెంబ్లీలోనే చూస్తారు. పక్కలు గీకేసి పైన పొడుగ్గా వదిలే ఫేడ్ కట్ సెలవుల్లో వేసుకున్నోళ్ళు స్కూలు ముందు వారమే సరిచేయించుకోవాలి, చివరి ఆదివారం మంగలి షాపులో టోకెన్ తీసుకుని కూర్చోవాల్సిందే.

ఇంకొకటి, ఇది అమ్మలు సిగ్గుపడి, నాన్నలు గుర్తు లేక వదిలేస్తారు. చెమట వాసన మొదలయ్యే వయసు ఇదే. రోజూ స్నానం, ఉతికిన బనియన్, ఉతికిన లోదుస్తులు, కావాలంటే డియోడరెంట్, ఇవి వాడితో నేరుగా మాట్లాడండి. క్లాసులో పిల్లలు మొహమ్మీదే అనేస్తారు, దానికన్నా నాన్న చెప్పడం నయం. గొంతు మారేటప్పుడు బయటికి చదవమంటే కొందరు ముడుచుకుపోతారు, అది అందరికీ వచ్చేదే అని ముందే చెప్పి ఉంచితే అంత ఇబ్బంది పడరు.

స్టెప్ 6: పుస్తకాలు, బ్యాగు

లిస్టు స్కూలు ఇస్తుంది, స్కూల్లోనే అమ్ముతారు కూడా చాలాచోట్ల. బయట కొనాలంటే అవెన్యూ రోడ్డు. పాత పుస్తకాలు, హోల్‌సేల్‌లో నోట్‌బుక్స్, అట్టలు, చార్టులు అన్నీ ఆ ఒక్క రోడ్లో దొరుకుతాయి, వారం మధ్యలో పొద్దున్నే పొండి, కారు మాత్రం తీసుకుపోకండి. పాత పుస్తకం కొనేటప్పుడు ఏ ఏడాది ప్రింటో చూడండి, సిలబస్ మారి ఉంటే దండగ. గైడ్లు జూన్‌లో వద్దే వద్దు, గైడు ఇంట్లో ఉంటే టెక్స్ట్‌బుక్ తెరవరు.

అట్టలు వాడితోనే వేయించండి. వంకరగా వేస్తాడు, వేయనివ్వండి, అట్ట వేసేటప్పుడు పుస్తకం ఒకసారి తిరగేస్తాడు కదా, అదే లాభం.

బ్యాగు బరువు గురించి కర్ణాటక ప్రభుత్వం 2019లో ఉత్తర్వు ఇచ్చింది, ఆరు నుంచి ఎనిమిది క్లాసులకి 3 నుంచి 4 కిలోలు, తొమ్మిది పదికి 4 నుంచి 5 కిలోలు. కేంద్రం 2020 పాలసీలో కూడా పిల్లోడి బరువులో పదో వంతు దాటకూడదని ఉంది. ఇంట్లో వెయిట్ మిషన్ ఉంటే ఒకసారి పెట్టి చూడండి, ఏడు కిలోలుంటుంది. ఎందుకంటే వాడు టైంటేబుల్ చూసి సర్దుకోడు, అన్నీ మోసుకుపోతాడు. రాత్రి పడుకునే ముందు టైంటేబుల్ చూసి బ్యాగ్ సర్దుకోవడం వాడి పని, మీరు సర్దిపెట్టకండి, రెండు రోజులు పుస్తకం మర్చిపోయి నాతో తిట్లు తింటే మూడో రోజు వాడే సర్దుకుంటాడు.

స్టెప్ 7: పోయి రావడం

స్కూలు తెరిచే ముందు వారంలో ఒకరోజు, వారం మధ్యలో, స్కూలు టైముకే ఇంటి నుంచి స్కూలు గేటు దాకా వాడితో కలిసి ఒకసారి పోయి చూడండి. ఆదివారం పోతే అరగంట, సోమవారం గంటంబావు, బెంగళూరు సంగతి తెలిసిందే. సెయింట్ జోసెఫ్స్, బిషప్ కాటన్, బాల్డ్విన్ లాంటి పాత బాయ్స్ స్కూళ్ళన్నీ 1858, 1865, 1880 నాటివి, అప్పుడు ఊరి అంచు అనుకున్న కంటోన్మెంటు ఇప్పుడు నడిబొడ్డు అయి కూర్చుంది, రెసిడెన్సీ రోడ్డు, రిచ్‌మండ్ రోడ్డు, మ్యూజియం రోడ్డు పొద్దున ఎనిమిదింటికి కార్లతో నిండిపోతాయి. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఉండే మనవాళ్ళకి పర్పుల్ లైన్ మెట్రో 2023 అక్టోబర్ నుంచి పూర్తిగా నడుస్తోంది, ఎంజీ రోడ్డులో దిగి నడిచిపోయే పిల్లలు మా క్లాసులో కార్లో వచ్చేవాళ్ళ కన్నా ముందు వస్తారు.

బస్సు అయితే బీఎంటీసీ స్టూడెంట్ పాస్ సేవాసింధు పోర్టల్‌లో అప్లై చేయాలి, శాట్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి. 2023 జూన్‌లో ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసే శక్తి పథకం వచ్చినప్పటి నుంచి అక్కకి టికెట్ అక్కర్లేదు, తమ్ముడికి మాత్రం పాస్ కావాలి, దీని మీద ఇంట్లో రోజూ పంచాయితీ.

స్కూటర్ విషయం గట్టిగా చెప్తున్నా. తొమ్మిదిలోకి రాగానే ట్యూషన్‌కి పక్క వీధే కదా అని యాక్టివా తాళం ఇచ్చేస్తారు. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపితే అమ్మానాన్నలకో బండి ఓనర్‌కో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లోడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. కేసు సంగతి పక్కన పెట్టినా ఔటర్ రింగ్ రోడ్డు మీద పద్నాలుగేళ్ళోడు, వెనక ఇంకో ఇద్దరు, హెల్మెట్ లేదు, నేను చూడలేను.

స్టెప్ 8: నిద్ర, తిండి

ఈ వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. సెలవుల్లో రాత్రి ఒంటిగంట దాకా ఫోను, పొద్దున పదింటికి లేవడం, స్కూలు మొదటి రోజు ఆరింటికి లేపితే లేస్తాడు గానీ మొదటి రెండు పీరియడ్లు కళ్ళు తెరిచి నిద్రపోతాడు. పది రోజుల ముందు నుంచి రోజుకి అరగంట దాకా పెందలాడే పడుకుని పెందలాడే లేచేలా జరుపుతూ రండి. ఫోను రాత్రి హాల్లో ఛార్జింగ్‌కి, మీది కూడా అక్కడే పెట్టండి, లేకపోతే వినడు.

డబ్బా రెండు కావాలి, షార్ట్ బ్రేక్‌కి ఒకటి, లంచ్‌కి ఒకటి. ఎంత పెట్టినా సరిపోదు, ఎందుకంటే బాయ్స్ స్కూల్లో మూత తీయగానే పది చేతులు పడతాయి. మీ పులిహోర బాగుంటుందని పేరొచ్చిందా, ఇక మీ వాడికి మిగిలేది అడుగున రెండు ముద్దలే. చిత్రాన్నం, పులిహోర, చపాతీ చుట్టలు, పెరుగన్నం, ఉడికించిన గుడ్లు, ఇవి మధ్యాహ్నం దాకా ఆగుతాయి. పొద్దున టిఫిన్ మానేసి నిద్రకి పది నిమిషాలు ఎక్కువ తీసుకునే రకాలు ఎక్కువ, వాళ్ళకి షార్ట్ బ్రేక్ డబ్బా బరువుగా ఉండాలి.

స్టెప్ 9: మొదట్లోనే లెక్కలు చూసుకోండి

నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా, ఓపిక పట్టండి. తొమ్మిదిలో ఫెయిలయ్యే పిల్లల్లో నేను చూసినంతవరకు తొమ్మిది లెక్కలు రానోళ్ళు తక్కువ, ఐదారేడు లెక్కలు రానోళ్ళే ఎక్కువ. ఫార్ములా బట్టీ కొట్టేస్తాడు, చివర్లో భిన్నం దగ్గరో మైనస్ దగ్గరో పడిపోతాడు. స్కూలు తెరిచే ముందు వారం ఒక తెల్లకాగితం ఇచ్చి, ఫోను క్యాలిక్యులేటర్ లేకుండా ఇవి చేయమనండి: మైనస్ 3లోంచి 5 తీసేస్తే ఎంత, మూడింట రెండు వంతుల్ని 4తో భాగిస్తే ఎంత, 0.3ని 0.2తో గుణిస్తే ఎంత, 150లో 20 శాతం ఎంత, 7 ఎనిమిదులు ఎంత. జవాబులు మైనస్ 8, ఆరో వంతు, 0.06, 30, 56. ఐదూ పది నిమిషాల్లో వస్తే నిశ్చింతగా ఉండండి. మూడోది 0.6 అని రాస్తే దశాంశాలు, మొదటిది మైనస్ 2 అనో 2 అనో రాస్తే పూర్ణాంకాలు, మళ్ళీ ఏడో క్లాసు పుస్తకం తెరవాలి. సిగ్గేం లేదు, రోజుకి పది లెక్కలు, రెండు మూడు వారాలు చాలు. ఇది చేయకుండా జూన్‌లోనే ట్యూషన్‌కి వేలకి వేలు కట్టేస్తే ట్యూషన్ సార్ తొమ్మిదో క్లాసు మొదటి చాప్టర్ నుంచే మొదలుపెడతాడు, కింద ఉన్న గుంత అట్లాగే ఉంటుంది. ట్యూషన్ కావాలా వద్దా అన్నది మొదటి టెస్టు పేపర్ చూశాక తేల్చండి.

నోట్‌బుక్ ఒక్కసారి చూడండి, మార్కుల కోసం కాదు. తప్పు చేసిన లెక్కని కొట్టేసి పక్కన మళ్ళీ చేశాడా, లేక రబ్బరుతో చెరిపేసి బోర్డు మీది జవాబు రాసుకున్నాడా? రెండోదైతే వాడికి ఏం రాదో వాడికే తెలియదు.

స్టెప్ 10: ఆటలు, ఎన్‌సీసీ, స్టేజీ

సెలెక్షన్లన్నీ జూన్, జూలైలోనే. ఫుట్‌బాల్, క్రికెట్, హాకీ, అథ్లెటిక్స్ ట్రయల్స్ నోటీసు బోర్డు మీద రెండు రోజులు ఉండి పోతుంది, వాడు ఇంట్లో చెప్పడు, ఆ ఏడాది అంతే. ఎన్‌సీసీ జూనియర్ డివిజన్‌లో ఏ సర్టిఫికెట్‌కి రెండేళ్ళు పడుతుంది, ఎనిమిదిలోనే చేరితే పదిలో పరీక్షల మీద పడకుండా అయిపోతుంది. బాయ్స్ స్కూల్లో ఒక సుఖం ఉంది, ఆడపిల్లలు చూస్తారన్న బెరుకు లేక పాటలు పాడతారు, నాటకాల్లో ద్రౌపది వేషం కోసం కొట్టుకుంటారు. ఇంట్లో నోరు విప్పనోడు స్టేజీ ఎక్కి ఇరగదీయడం చాలాసార్లు చూశా. ఏదో ఒకదాంట్లో చేరమనండి, ఏదన్నది వాడిష్టం.

స్టెప్ 11: ఏదన్నా జరిగితే

కొత్తగా ఆంధ్రా నుంచి వచ్చినోణ్ణి మాట తీరు మీద ఏడిపిస్తారు, గొల్టీ (తెలుగోళ్ళని వెక్కిరించే మాట) అంటారు, సినిమా హీరో పేరు పెట్టి పిలుస్తారు. వారం పది రోజుల్లో చాలావరకు అదే సర్దుకుంటుంది, ఒక ఆట బాగా ఆడితే ఇంకా తొందరగా. సర్దుకోనిది ఎట్లా తెలుస్తుందంటే, డబ్బా తినకుండా తిరిగొస్తుంది, సోమవారం పొద్దున కడుపు నొప్పి అంటాడు, చిన్న చిన్న డబ్బులు అడుగుతాడు, స్కూలు బాత్రూంకి పోకుండా ఇంటికి రాగానే పరిగెత్తుతాడు. ఈ చివరిది చాలామందికి తెలియదు, బాయ్స్ స్కూల్లో గొడవలు జరిగేది టీచర్లు ఉండని బాత్రూంలలోనే. మగపిల్లలంటే కొట్టుకోరా ఏంటి అని నాన్నలు కొట్టిపారేయొద్దు. ముందు క్లాస్ టీచర్‌తో ఫోన్లో కాకుండా ఎదురుగా మాట్లాడండి, పేర్లు, రోజులు రాసుకుని పొండి. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, సాయంత్రానికి అది నలభై ఇళ్ళ గొడవ అవుతుంది.

టీచర్ కొట్టినా అడగొచ్చు, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఒంటి మీద చేయి వేసే సంగతులైతే 2012 పోక్సో చట్టం మగపిల్లలకి కూడా వర్తిస్తుంది, ఆడపిల్లల కోసమే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చైల్డ్‌లైన్ నంబర్ 1098, ఉచితం. ఇవన్నీ భయపెట్టడానికి కాదు. నాన్నతో గానీ బాబాయితో గానీ వాడు ఎవరితో మాట్లాడతాడో ఆ మనిషి ఈ మాటలు ఒకసారి జూన్‌లోనే చెప్పి ఉంచాలి. కార్లోనో బండి మీదనో పోతున్నప్పుడు చెప్పడం మేలు, మొహాలు చూసుకోనక్కర్లేదు కాబట్టి వింటాడు, అడుగుతాడు కూడా.

స్టెప్ 12: మొదటి టెస్టు, మొదటి పేరెంట్స్ మీటింగ్

జూలైలోనో ఆగస్టులోనో మొదటి టెస్టు ఉంటుంది. పది క్లాసు స్టేట్ సిలబస్ వాళ్ళకి 2024 నుంచి ఏడాదికి ఒకటికి మించి ఎస్ఎస్ఎల్‌సీ పరీక్షలు పెడుతున్నారు, మంచి మార్కులే లెక్కలోకి వస్తాయి, అందుకని మొదటిదాన్ని తేలిగ్గా తీసుకునే పిల్లలు తయారయ్యారు, ఆ మాట ఇంట్లో వినపడితే అక్కడే ఆపండి, కాలేజీ సీట్లు మొదటి రిజల్టుతోనే నిండడం మొదలవుతుంది.

మీటింగ్‌కి వీలైతే ఇద్దరూ రండి, వాణ్ణి కూడా తీసుకురండి. మా వాడు ఎట్లా చదువుతున్నాడు మేడం అని అడిగితే నేను పర్లేదు అంటాను, వెనక ఇంకా ముప్పై మంది లైన్లో ఉంటారు కదా. దాని బదులు ఇట్లా అడగండి: ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, అర్థం కానప్పుడు చెయ్యి ఎత్తుతాడా, హోంవర్క్ ఏ రోజుల్లో ఎగ్గొడుతున్నాడు, లంచ్‌లో ఒక్కడే ఉంటాడా, పేపర్లో ఏ రకం తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తున్నాడు. వీటికి ప్రతి టీచర్ దగ్గరా జవాబు ఉంటుంది. టెస్టు పేపర్ చేతికి ఇస్తే మార్కు చూసి మడిచి పర్సులో పెట్టుకోకండి, అక్కడే వాడి ముందే రెండు తప్పులు చూపించమని అడగండి, ఐదు నిమిషాలు పడుతుంది. లైన్లో వెనకున్నవాళ్ళు విసుక్కుంటారు, వాళ్ళ వంతు వచ్చినప్పుడు వాళ్ళూ అడుగుతారు లెండి.